అటు పోతే గుర్తు మారు

నా క్లాసు గోల ఊరి చివరి దాకా వినిపించేది. అల్లరి గోల కాదు, పాట. ఎనిమిదో తరగతి పిల్లలు నలభై మంది ఒక్క గొంతుతో అందుకునేవాళ్ళు:

"ఇటున్నది అటు పోతే గుర్తు మారు, గుర్తు మారు!
ప్లస్సు పోయి మైనస్సు, మైనస్సు పోయి ప్లస్సు!"

ఆ పాట కట్టింది నేనే. ఐరాల దగ్గర ఒక పల్లెలో, సర్కారు హైస్కూల్లో లెక్కల మాస్టరుగా నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ ఇరవై ఏళ్ళూ సమీకరణాల పాఠం వచ్చినప్పుడల్లా అదే పాట పాడించాను. సమానం గుర్తుకు ఇవతల కలిపి ఉన్నది అవతలికి పోతే తీసివేత అవుతుంది, తీసివేసి ఉన్నది కలపడం అవుతుంది. పాట అయిపోగానే సుద్దముక్క పైకెత్తి "అర్థమైందా?" అంటాను. "అర్థమైంది సార్!" అని పైకప్పు అదిరేట్టు అరుస్తారు. నేను తర్వాతి లెక్కకు పోతాను. ఇంతకంటే బాగా లెక్కలు చెప్పేవాడు ఈ మండలంలో ఉంటే చూపించండి అనుకునేవాణ్ణి. అనుకోవడం ఏమిటి, నలుగురిలో అనేవాణ్ణి కూడా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. "ముక్కు మీదంతా కోపమే ఉంటే ఇంగ అద్దాలు యాడ నిలుస్తాయి మీకు?" అని మా ఆవిడ నవ్వుతుంటుంది.

చిత్తూరు నుంచి బస్సులో వచ్చి క్రాసు దగ్గర దిగితే, అక్కణ్ణుంచి బడికి ఆటోలో పోవాలి. ఆ ఆటో తోలే అతను నా పాత శిష్యుడే. పదో తరగతిలో లెక్కలు తప్పి చదువు మానేశాడు. ఇప్పుడు అతని కూతురు నా ఎనిమిదో తరగతిలో ఉంది. మొదటి బెంచీ. పాటలో అందరికంటే ముందు లేచే గొంతు ఆ పిల్లదే. ఆటో ఎక్కిన ప్రతిసారీ అతనిది ఒకటే మాట.

"నేను తప్పిన కాడ మా పాప తప్పకూడదు సార్. అది ఇంజనీరింగు సదవల్లని నాకు ఆశ. లెక్కలు మీరు సెప్తా ఉండారు గాబట్టి నాకు దిగుల్లేదు."

"నీకెందుకప్పా, నేనుండాను గదా" అనేవాణ్ణి నేను. ఆ మాట అనడం నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆ ఏడాది జూలైలో హెడ్మాస్టరు నన్ను పిలిచి ఒక శుభవార్త చెప్పాడు. మాకు నెలకోసారి మీటింగు ఉంటుంది. చుట్టుపక్కల బళ్ళలో ఒకే సబ్జెక్టు చెప్పేవాళ్ళందరం ఒక బడిలో చేరి, ఒకరి పాఠం ఒకరం చూసి, ఏదైనా కొత్తది నేర్చుకోవాలని దాని ఉద్దేశం. నిజానికి అక్కడ జరిగేది సంతకాలు, బజ్జీలు, టీ, బదిలీల కబుర్లు. వచ్చే నెల మీటింగులో నేను నా పాటతో పాఠం చెప్పి చూపించాలట. దాన్ని ఫోన్లో వీడియో తీసి అన్ని బళ్ళకూ పంపిస్తారట.

"మండలమంతా మీ పాటే పాడతారు సార్ ఇంగ" అన్నాడు హెడ్మాస్టరు.

నేను ఇంటికి వెళ్ళి కొత్త చొక్కా కుట్టించుకోవాలా, ఉన్నది ఇస్త్రీ చేయించుకుంటే చాలా అని మా ఆవిణ్ణి అడిగాను. పెళ్ళినాడు కూడా ఇంత ఆలోచించలేదు మీరు అన్నట్టు చూసింది.

ఆ ఏడాదే మా బడికి కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. కార్వేటినగరం వైపు అమ్మాయి, మా పెద్దకూతురి వయసు ఉంటుంది. ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతుంది. తిరుపతిలో ఏదో శిక్షణకు పోయి వచ్చింది. "మీ క్లాసులో వెనక కూర్చుంటాను సార్, నేర్చుకుంటాను" అని అడిగింది. నాకు పొగడ్తలా అనిపించింది. కూర్చోమన్నాను.

వెనక బెంచీలో నోటు పుస్తకం పెట్టుకుని గంటసేపు కూర్చుంది. నేను ఆ రోజు ఇంకాస్త గొంతు పెంచి పాడించాను. క్లాసయ్యాక వరండాలో అడిగాను.

"ఎట్లుండాదమ్మా?"

"పాట శానా బాగుండాది సార్. పిల్లోళ్ళు మీరంటే ప్రాణం పెడతారు." నోటు పుస్తకం మూసింది. "ఒకటి అడగొచ్చా సార్? ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో మీకు యెట్ల తెలస్తాది?"

"అడిగినాను గదమ్మా. అర్థమైంది అని అందరూ చెప్పిరి, నువ్వూ వింటివి గదా!"

"విన్నాను సార్. అర్థం కాలేదని ఎప్పుడైనా, ఎవరైనా చెప్పినారా సార్?"

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళలో ఎవరూ చెప్పలేదు. అది నా గొప్పతనమే అనుకుంటూ వచ్చాను. ఈ పిల్ల దాన్నే తప్పులా చూపిస్తోంది.

ఆ అమ్మాయి భయపడలేదు. శిక్షణలో నేర్పినది చెప్పింది. పాఠం బాగా చెప్పామా లేదా అన్నది మన గొంతులో కాదు, పిల్లలు చేసిన పనిలో వెతకాలట. అందరూ కలిసి అరిచే జవాబులో వచ్చినవాళ్ళ వెనక రానివాళ్ళు దాక్కుంటారట. క్లాసు చివర ఐదు నిమిషాలు తలా ఒక చీటీ ఇచ్చి ఒకే ఒక్క లెక్క చేయమనాలట. మార్కులు వేయకూడదు, తిట్టకూడదు. ఆ చీటీలు చూసి రేపటి పాఠం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నిర్ణయించుకోవాలట.

"అట్లనా! రేపే పెడతాను చూడు నీ చీటీ" అన్నాను. నేర్చుకుందామని కాదు. ఆ పిల్ల నోరు మూయిద్దామని.

మర్నాడు బోర్డు మీద 3x = 12 అని రాశాను. ఏదో ఒక సంఖ్యకు మూడు రెట్లు పన్నెండు, ఆ సంఖ్య ఎంత? ఇంతకంటే తేలిక లెక్క ఎనిమిదో తరగతిలో లేదు. చీటీలు తెచ్చుకుని స్టాఫ్ రూములో ఆ అమ్మాయి ఎదుటే లెక్కపెట్టడానికి కూర్చున్నాను.

నాలుగు అని రాసినవాళ్ళు పదకొండు మంది. పన్నెండులోంచి మూడు తీసేసి తొమ్మిది అని రాసినవాళ్ళు కొందరు. ఒకడు జవాబు రాయకుండా నా పాట మొత్తం అందంగా రాసి కింద గీత గీశాడు. మిగిలినవాళ్ళందరూ మైనస్ నాలుగు. మొదటి బెంచీ పిల్ల కూడా మైనస్ నాలుగే. చుట్టూ డబ్బా గీసి మరీ రాసింది.

నేను లేచి ఆ పిల్లను పిలిపించాను. గొంతు పెంచానని ఒప్పుకోవాలి.

"ఏమ్మే, మూడును దేంతో గుణిస్తే పన్నెండు వస్తాది?"

"నాలుగుతో సార్."

"మరి మైనస్ నాలుగని ఎందుకు రాస్తివి? బుద్ధి ఉండేవాళ్ళు రాసేదేనా ఇది?"

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా జవాబు చెప్పింది. "మూడు అటు పాయె గదా సార్. అటు పోతే గుర్తు మారల్ల గదా. మీరే సెప్తిరి."

పన్నెండును మైనస్ మూడుతో భాగిస్తే వచ్చేది మైనస్ నాలుగే. పిల్ల తర్కంలో ఎక్కడా తప్పు లేదు. పాట కలిపినవాటికీ తీసినవాటికీ పనికొస్తుంది. గుణించినదాన్ని అటు పంపాలంటే గుర్తు మారదు, భాగించాలి. ఆ సంగతి నేను బోర్డు మీద చెప్పేవాణ్ణి, ఒకసారి, వేగంగా, పాట హోరులో. పిల్లల చెవుల్లో మిగిలింది పాటే.

"పో, పోయి కూర్చో" అన్నాను.

మనిషికి సిగ్గేస్తే ముందు వచ్చేది కోపమే కదా. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు టీచరమ్మ మీద పడ్డాను. "నీ చీటీలు చూసి పిల్లోళ్ళు బెదిరినారు. పరీక్ష అనుకుని తప్పు రాసినారు."

"కావచ్చు సార్" అంది నెమ్మదిగా. "అట్లయితే మధ్యాన్నం అన్నాల కాడ ఒక్కొక్కరిని నోటితో అడగండి. నేను రాను."

అడిగాను. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డ పిల్లలను ఒక్కొక్కరినీ అడిగాను. ఎక్కువగా మైనస్ నాలుగే వినిపించింది, ఆరో పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఇక అడగాలనిపించలేదు.

ఆ ఆదివారం చీటీలన్నీ ఇంటి వరండాలో పరుచుకుని కూర్చున్నాను. మైనస్ నాలుగు, మైనస్ నాలుగు, మైనస్ నాలుగు. ఇలాంటి తప్పు ఎక్కడో చూశానే అని మనసు పీకుతోంది. కాసేపటికి గుర్తొచ్చింది.

ఆటో తోలే ఆ శిష్యుడు. పదో తరగతిలో అతని పేపరు నిండా ఇలాగే, ఉండకూడని చోటల్లా మైనస్సులు. నేను ఆ పేపరు క్లాసులో అందరి ముందూ చదివి నవ్వించాను. "ఒరే మైనస్సూ" అని పేరు పెట్టాను. ఏడాదంతా అదే పేరుతో పిలిచాను, క్లాసంతా అలాగే పిలిచింది. లెక్కలు తప్పాక వాళ్ళ నాయన భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని మా బడికి వచ్చాడు. "ఇంకొక్క తూరి రాయిద్దామా సార్? మీరు రోంత సెప్పినారంటే గట్టెక్కతాడేమో" అన్నాడు. "వద్దు పెద్దాయనా, వానికి బుర్ర లేదు. లెక్కలు ఈ జన్మలో రావు. ఏదన్నా పని నేర్పించుకో" అన్నాను. మంచి సలహా ఇచ్చాననే అనుకున్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను అన్నం సరిగా తినలేదు. "ఏమైంది, కూరలో ఉప్పు లేదా?" అంది మా ఆవిడ. ఉప్పు సరిపోయింది, నాకే సరిపోలేదు అన్నాను. జరిగిందంతా చెప్పాను. "ఆ టీచరమ్మ మీద కోపం పోయిందా మరి?" అని అడిగింది. పోయింది. కోపమంతా ఇప్పుడు నా మీదికే తిరిగింది.

సోమవారం ఆ అమ్మాయి దగ్గరికి నేనే వెళ్ళాను. నాకంటే చిన్నవాళ్ళ దగ్గర "ఎట్ల చేద్దామమ్మా?" అని అడగడం నా ఉద్యోగంలో అదే మొదలు. ఆ అమ్మాయి గెలిచినట్టు మొహం పెట్టలేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

ఊళ్ళో అంగడికి పోయి పాత తక్కెడ అడిగి తెచ్చాం. ఒక తట్టలో ఒకే తూకం ఉన్న మూడు చిన్న బెల్లం అచ్చులు, రెండో తట్టలో గోలీలు. సరిగ్గా పన్నెండు గోలీలకు తక్కెడ నిలిచింది. ఒక అచ్చు ఎన్ని గోలీల తూకం? పిల్లలు ఎగబడి నాలుగన్నారు. ఎలా? ఇటు మూడు భాగాలు చేసి ఒకటి ఉంచాలి, అటూ మూడు భాగాలు చేసి ఒకటి ఉంచాలి. "యాడన్నా గుర్తు మారిందా?" అని అడిగాను. "లేదు సార్" అన్నారు, కొంచెం భయం భయంగా, నా పాటను కాదంటున్నామని. ఏ పక్క ఏం చేస్తే రెండో పక్కా అదే చేయాలి, అప్పుడే తక్కెడ నిలుస్తుంది. ప్లస్సు మైనస్సవడం కూడా అందులోంచి వచ్చిందే, అదేమీ మంత్రం కాదు. బెల్లం పాఠమయ్యాక పిల్లల కడుపుల్లోకి పోయింది.

ఒక్క పాఠంతో అందరికీ వచ్చేసిందని చెబితే అబద్ధం. ఆ రోజు చీటీల్లో కూడా పదిహేను మంది మైనస్సే రాశారు. పాట అంత తేలిగ్గా వదలదు. వారం తర్వాత చెప్పకుండా మళ్ళీ అలాంటిదే ఇచ్చాం, ఇంకో పది రోజులకు మళ్ళీ ఇచ్చాం. మొదటి బెంచీ పిల్ల రెండోసారి కూడా తప్పింది. మూడోసారి చీటీలో మైనస్ రాసి, కొట్టేసి, నాలుగు అని రాసింది. ఆ కొట్టివేతను చాలాసేపు చూశాను. అక్కడ ఆ పిల్ల ఒక్కతే కూర్చుని ఆలోచించింది, నేను లేకుండా, పాట లేకుండా.

ఇంకో రోగం కూడా బయటపడింది నాలో. టీచరమ్మ వెనక కూర్చుని చూసి చెప్పింది: "ప్రశ్న అడిగి, ఒకటి, రెండు అని లెక్కపెట్టే లోపల మీరే జవాబు చెప్పేస్తా ఉండారు సార్." నమ్మలేదు. ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. అబ్బా, నా నోటికి ఎంత తొందరో! అప్పటి నుంచి ప్రశ్న అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, అందరినీ కాకుండా ఒకరిని పిలవడం అలవాటు చేసుకున్నాను. మొదట్లో ఆ ఐదు అంకెలు నాకు నోట్లో మిరపకాయ పెట్టుకున్నట్టుండేవి. బదులుగా నేనూ ఆ అమ్మాయి క్లాసులో వెనక కూర్చున్నాను. బోర్డుకు ఒక పక్కనే నిలబడుతుందని, కిటికీ వైపు పిల్లలను చూడదని చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది, తర్వాత నవ్వేసింది.

ఇంతలో మీటింగు రోజు దగ్గరపడింది. ఏం చేయను? పాట పాడి చప్పట్లు కొట్టించుకుంటే మండలంలో ప్రతి బడిలో పిల్లలు మైనస్ నాలుగు రాస్తారు. ఆటో అతని కూతురిలాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారో! నిజం చెబితే ఇరవై ఏళ్ళు కట్టుకున్న పేరు ఒక్క మధ్యాహ్నంలో పోతుంది. హెడ్మాస్టరుకు చెప్పాను.

"ఇప్పుడు ఇదంతా ఎందుకు సార్?" అన్నాడు. "పాట పాడించండి, చివర్లో గుణకారానికి ఇది పనికిరాదు అని ఒక మాట సెప్పండి, సరిపోతాది. కోరి పరువు తీసుకుంటారా ఎవరైనా?"

ఆ ఒక మాటే కదా నేను ఇరవై ఏళ్ళుగా చెబుతూ వచ్చింది!

మీటింగులో ముప్పై మంది దాకా ఉన్నారు. ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు. నేను ముందు వాళ్ళ చేత పాట పాడించాను. హాయిగా పాడారు, కొందరు తాళం కూడా వేశారు. "అర్థమైందా?" అన్నాను. "అర్థమైంది సార్!" అని నవ్వుతూ అరిచారు. అప్పుడు సంచిలోంచి మొదటి రోజు చీటీలు తీసి తలా ఒకటి ఇచ్చాను. "ఇవి నా క్లాసు పిల్లలవి. నేను సెప్పింది వాళ్ళు సరిగ్గా నేర్చుకున్నారు. తప్పు వాళ్ళది కాదు, నాది" అన్నాను.

హాల్లో ఒక్కొక్క ఫోనే కిందికి దిగింది. నాతో పాటు ఉద్యోగంలో చేరిన ఒక పెద్దమనిషి "ఇన్నేండ్లు పాడించింది మీరే గదా సార్?" అన్నాడు. అవునన్నాను. ఇద్దరు ముగ్గురు మూతి బిగించి నవ్వుకున్నారు. తర్వాత వెనక నుంచి ఒకాయన చీటీ చూస్తూ, "మా పిల్లోళ్ళూ ఇట్లనే రాస్తారు సార్, నేను గాలికి తిరిగి రాస్తాండారు అనుకుంటి" అన్నాడు. ఆ మాటతో మీటింగు మొదలైంది. బజ్జీలు చల్లారిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. తక్కెడ, చీటీ, ఐదు అంకెలు, అన్నీ అడిగారు. సగం జవాబులు మా టీచరమ్మే చెప్పింది. మా హెడ్మాస్టరు మాత్రం నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం క్రాసు దాకా ఆటో ఎక్కాను. నేను ఒక్కణ్ణే. సగం దారిలో అతనే అడిగాడు.

"మా పాప సెప్పింది సార్. ఆ పాట అన్ని లెక్కలకూ పనికిరాదంట గదా?"

"పనికిరాదప్పా."

"నేను పరీక్షలో ఆ పాట పాడుకుంటానే రాసినా సార్. అన్నిటికీ మార్చేసినా. ఎందుకు తప్పిందో ఇప్పటిదాకా తెలీలేదు నాకు."

ఇక దాచేది ఏముంది? "నువ్వు రాసింది నేను నేర్పిందే. తప్పింది నువ్వు కాదు, నేను. ఆ పేరు పెట్టి పిలిచింది ఇంకా పెద్ద తప్పు. నన్ను మన్నించప్పా" అన్నాను.

అతను ఆటో పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరగలేదు.

"అంటే నాకు బుర్ర లేక కాదా సార్?"

"కాదు. మీ నాయనకు నేను సెప్పింది అబద్ధం."

మెడలోని తువ్వాలుతో మొహం తుడుచుకుని, మళ్ళీ ఇంజను స్టార్టు చేస్తూ అన్నాడు:

"ఈ మాట మా నాయన బతికుండంగా ఆయనకు సెప్పింటే బాగుండు సార్."